విండోస్ లేకుండా విండోస్ గేములు: పాత ల్యాప్‌టాప్‌ ఉన్నవారికి సమగ్ర మార్గదర్శి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలన్నది అధికారిక నిబంధన. ఒంగోలు, కావలి, నెల్లూరు కాలేజీ హాస్టళ్లలో అన్నల చేతుల్లోంచి తమ్ముళ్లకు దిగివచ్చిన ల్యాప్‌టాప్‌లు చూడండి. చాలావరకు ఆరో తరానివి, ఏడో తరానివి. వాటిలో చెడిపోయిందంటూ ఏమీ లేదు. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే ఇంకా కొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి. అయితే ఆ మాట చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "మరి గేములో?"

గేములూ ఆడతాయి. అన్నీ కాదు, కానీ మీరు అనుకుంటున్నదానికంటే చాలా ఎక్కువ. ఏ గేముకు ఏ దారి పట్టాలో ముందే తెలుసుకోకపోతే మాత్రం రోజుల తరబడి డేటా, ఓపిక రెండూ వృథా అవుతాయి.

ఉన్న దారులు మూడు

లినక్స్ మీద విండోస్ గేము అనగానే ఎక్కువమంది చేసే పని వర్చువల్‌బాక్స్ (లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం) దించుకుని, అందులో విండోస్ ఎక్కించి, గేము తెరిచి, అది నత్తనడక నడవడం చూసి లినక్స్‌నే తప్పుపట్టడం. అది లినక్స్ లోపం కాదు, ఎంచుకున్న దారి ఆ పనికి పనికొచ్చేది కాదు.

మొదటి దారి ఎమ్యులేషన్. ఇందులో ప్రాసెసర్‌నే సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తారు. ఫోన్లలో ఉండే ఏఆర్ఎం చిప్ మీద కంప్యూటర్ గేము నడపాలన్నా, డాస్ కాలం నాటి గేములు తెరవాలన్నా ఇది తప్పదు. ప్రతి ఆదేశాన్నీ మార్చి నడపాలి కాబట్టి భారం ఎక్కువ. రెండోది వర్చువలైజేషన్. మీ ప్రాసెసర్ మీదే ఇంకో పూర్తి విండోస్ నడుస్తుంది. ప్రాసెసర్ వేగం పెద్దగా తగ్గదు కానీ గ్రాఫిక్స్ కార్డు మాత్రం లోపలి విండోస్‌కు నేరుగా అందదు. త్రీడీ గేములకు ప్రాణం ఆ కార్డే.

మూడోది అనువాద పొర. ఇందులో విండోస్ అన్నదే ఉండదు. గేము "ఈ ఫైలు తెరువు, ఈ బొమ్మ గీయి" అని విండోస్‌ను అడుగుతుంటే, మధ్యలో దుబాసీలా నిలబడి ఆ మాటను లినక్స్‌కు అందించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాని పేరు వైన్. 1993లో మొదలైంది, 1.0 వెర్షన్ రావడానికి 2008 దాకా పట్టింది. అంత కాలం ఎందుకంటే, విండోస్ లోపల ఉన్న వేలాది ఫంక్షన్లను దాని సోర్స్ కోడ్ చూడకుండా మళ్లీ రాసుకోవాలి. అసలు మలుపు 2018లో వచ్చింది. విండోస్ గేములు త్రీడీ బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్3డి ఆదేశాలను, లినక్స్‌లోనూ నడిచే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలోకి మార్చే డీఎక్స్‌వీకే అనే సాఫ్ట్‌వేర్ సిద్ధమైంది. ఆ ఆగస్టులోనే వాల్వ్ సంస్థ వైన్‌నూ డీఎక్స్‌వీకేనూ కలిపి ప్రోటాన్ పేరుతో తన గేముల దుకాణమైన స్టీమ్‌లో పెట్టింది. 2022 ఫిబ్రవరిలో లినక్స్‌తో నడిచే స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రాన్ని అమ్మకానికి తెచ్చాక, గేములు లినక్స్ మీద నడవడం ఆ కంపెనీకి వ్యాపార అవసరమైంది. మన పాత ల్యాప్‌టాప్‌లకు దక్కుతున్న మేలంతా అక్కడి నుంచి వచ్చినదే.

ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఈ మూడో దారి గురించే.

మొదటి అడుగు: దించుకునే ముందు చూడండి

ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు రెండు జీబీతో నెట్టుకొచ్చే ఊళ్లో 60 జీబీ గేము అంటే నెల రోజుల డేటా. అంతా దిగాక నడవదని తెలిస్తే కలిగే బాధ చిన్నది కాదు. అందుకే ఈ అడుగును దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో గేము పేరు వెతకండి. ఆడినవారి నివేదికలను బట్టి ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్, బోర్క్‌డ్ అని గ్రేడ్లు ఉంటాయి. ప్లాటినం అంటే ఏ మార్పూ లేకుండా నడుస్తుంది, బోర్క్‌డ్ అంటే నడవదు. గ్రేడు చూసి ఆగిపోకండి. కిందికి వెళ్లి ఇటీవలి నెలల నివేదికలు చదవండి, మీ గ్రాఫిక్స్ చిప్ ఉన్నవాళ్లు ఏమన్నారో చూడండి. ఖరీదైన కార్డు ఉన్నవారి ప్లాటినం మీ ల్యాప్‌టాప్‌లో నిమిషానికోసారి ఆగిపోవచ్చు.

ఆన్‌లైన్ గేములైతే ఇంకో పరీక్ష ఉంది: మోసాన్ని పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్. వాలరెంట్‌లోని వ్యాన్‌గార్డ్ విండోస్ కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం) లోపల కూర్చుంటుంది. లినక్స్‌లో ఆ కెర్నెలే లేదు కాబట్టి ఆ గేము నడవదు, వర్చువలైజేషన్‌తో నడిపే విండోస్ (వర్చువల్ మెషీన్)లోనూ ఒప్పుకోదు. ఫోర్ట్‌నైట్, కంప్యూటర్ పబ్‌జీ కూడా అంతే. బ్యాటిల్ ఐ, ఈజీ యాంటీ చీట్ అనే రెండు పద్ధతులకు ప్రోటాన్‌లో నడిచే సత్తా 2021 నుంచే ఉంది, కానీ దాన్ని అనుమతించాలో వద్దో గేము తయారీదారు ఇష్టం. అపెక్స్ లెజెండ్స్ కొన్నేళ్లు లినక్స్‌లో బాగా నడిచి, 2024 అక్టోబరు చివర తలుపు మూసింది. జీటీఏ 5లో ఒంటరిగా ఆడే కథ నడుస్తుంది కానీ, 2024 సెప్టెంబరులో బ్యాటిల్ ఐ చేర్చాక ఆన్‌లైన్ విభాగం లినక్స్‌కు అందకుండా పోయింది. మీ రోజు వాలరెంట్‌తోనే గడుస్తుంటే విండోస్‌ను పూర్తిగా తీసేయకండి, పక్కనే ఉంచుకోండి. మంచి వార్త కూడా ఉంది: కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2, పాత కౌంటర్ స్ట్రైక్ 1.6 నేరుగా లినక్స్ కోసమే తయారై ఉన్నాయి. వాటికి అనువాదం అక్కర్లేదు.

రెండో అడుగు: మీ యంత్రానికి వల్కన్ వచ్చా?

ఇప్పటి డీఎక్స్‌వీకేకు వల్కన్ 1.3 కావాలి. ఇంటెల్‌లో ఆరో తరం, ఆ తర్వాతవి అయితే నిశ్చింత. నాలుగో తరం, అంతకు ముందువైతే కొత్త గేముల ఆశ వదులుకోవాలి. ఎన్‌విడియాలో 600, 700 సిరీస్‌లలో ఎక్కువ భాగం కెప్లర్ తరానివి. వాటి డ్రైవరు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) 470వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, అది వల్కన్ 1.3 ఇవ్వదు. 900 సిరీస్ అని చూసి మోసపోకండి. మన దగ్గర బాగా అమ్ముడైన 920ఎం చిప్ పేరు కొత్తదే అయినా లోపల ఉన్నది కెప్లరే. 940ఎం అయితే ఫరవాలేదు.

అలాంటి చిప్ ఉంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు. వైన్‌లో వల్కన్ అడగని పాత పద్ధతి ఒకటుంది, అది డైరెక్ట్3డిని ఓపెన్‌జీఎల్ అనే పాత గ్రాఫిక్స్ పద్ధతిలోకి మారుస్తుంది. 2005 నాటి గేములకు అది చాలు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ర్యామ్ ఎనిమిది జీబీ ఉండటం మేలు. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ ఒకే ముక్కగా కాకుండా నాలుగు, నాలుగుగా రెండు స్లాట్లలో ఉంటే గేములు స్పష్టంగా వేగం పుంజుకుంటాయి. ఆ చిప్ బొమ్మలు గీయడానికి వాడుకునేది కూడా ఈ ర్యామ్‌నే, రెండు ముక్కలుంటే రెండు దారుల్లో డేటా అందుతుంది. డబ్బు కొంతే ఉంటే ముందు ఎస్ఎస్‌డీ, తర్వాత రెండో ర్యామ్ ముక్క. నా సలహా ఈ వరుసే.

మూడో అడుగు: లినక్స్ ఎక్కించడం

కొత్తవారికి నేను చెప్పేది లినక్స్ మింట్ 22 శ్రేణి. ఉబుంటు 24.04 పునాది మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ నాలుగు జీబీయే ఉంటే ఎక్స్ఎఫ్‌సీఈ రకం, ఎనిమిది ఉంటే సినమన్ రకం తీసుకోండి.

ఎనిమిది జీబీ పెన్‌డ్రైవు ఒకటి చాలు. విండోస్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో మింట్ ఫైలును దానిలోకి ఎక్కించండి. పెన్‌డ్రైవులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే తీసి దాచుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసస్‌లో ఎస్కేప్ మీట నొక్కుతుంటే ఏ డ్రైవు నుంచి తెరవాలని అడుగుతుంది. పెన్‌డ్రైవు ఎంచుకుంటే, ఏదీ ఎక్కించకుండానే మింట్ తెరుచుకుంటుంది. అక్కడే వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో పరీక్షించండి. అన్నీ బాగుంటేనే ముందుకు వెళ్లండి.

విండోస్‌ను పక్కన ఉంచుకునేవారు మూడు పనులు ముందే ముగించాలి. ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేయాలి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవాలి. విండోస్ పవర్ సెట్టింగులలో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేకపోతే విండోస్ డ్రైవులోకి లినక్స్ రాయలేదు. ఇంకొక మాట, పాత ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ పేరుకే ఉంటుంది. డిస్కును విభజించేటప్పుడు కరెంటు పోతే రెండు సిస్టమ్‌లూ పోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం కోతల వేళ కాకుండా, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఈ పని పెట్టుకోండి.

గేములను విండోస్ డ్రైవులోనే ఉంచి రెండు వైపుల నుంచీ ఆడుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. ప్రోటాన్ సృష్టించే కొన్ని ఫైళ్ల పేర్లను విండోస్ డ్రైవు పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్ఎస్ సరిగా ఇముడ్చుకోలేదు. గేములు తెరుచుకోకపోవడానికి ఇదీ ఒక పెద్ద కారణమే. లినక్స్ భాగానికే తగినంత చోటు ఇవ్వండి.

ఎక్కించాక ముందుగా అప్‌డేట్ మేనేజర్ తెరిచి అన్నీ తాజా చేయండి. ఎన్‌విడియా కార్డు ఉంటే డ్రైవర్ మేనేజర్‌లో సిఫారసు అని చూపించే డ్రైవరును ఎంచుకుని మళ్లీ ఆన్ చేయండి. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు సాఫ్ట్‌వేర్‌ను సరిచూసే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని, తిరిగి తెరిచేటప్పుడు నీలం తెర మీద అదే కొట్టమని అడుగుతుంది. కంగారుపడి దాటేస్తే డ్రైవరు పనిచేయదు. ఇంటెల్, ఏఎండీ వారికి ఏ పనీ లేదు, డ్రైవర్లు లోపలే ఉంటాయి.

నాలుగో అడుగు: స్టీమ్, ప్రోటాన్

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో స్టీమ్ అని వెతికితే రెండు కనిపిస్తాయి: సిస్టమ్ ప్యాకేజీ ఒకటి, సిస్టమ్ నుంచి విడిగా నడిచే ఫ్లాట్‌ప్యాక్ ఒకటి. సిస్టమ్ ప్యాకేజీయే తీసుకోండి. ఫ్లాట్‌ప్యాక్ రకం ప్రత్యేక అనుమతి ఇస్తే తప్ప రెండో డిస్కును చూడలేదు.

స్టీమ్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి కంపాటిబిలిటీ విభాగం తెరవండి. పాత వెర్షన్లలో అన్ని గేములకూ ప్రోటాన్ వర్తింపజేసే మీట ఒకటి అక్కడ ఉండేది, దాన్ని ఆన్ చేయాలి. కొత్త వెర్షన్లలో అది ముందే ఆన్‌లో ఉంటుంది. ఇక గేమును విండోస్‌లో లాగే ఇన్‌స్టాల్ చేసి, ప్లే నొక్కండి.

మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లను (గ్రాఫిక్స్ చిప్ నడిపే చిన్న ప్రోగ్రాంలను) సిద్ధం చేస్తున్నట్టు స్టీమ్ చూపిస్తుంది. పాత ప్రాసెసర్ మీద అది చాలాసేపు సాగవచ్చు. విసుగుతో దాటేస్తే ఆట మధ్యలో కుదుపులు వస్తాయి. ఓపిక పట్టండి.

గేము తెరుచుకోకపోయినా, తెర నల్లగా ఉండిపోయినా, గేము పేరు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి ప్రోటాన్ వెర్షన్ మార్చి చూడండి. కొత్త గేములకు ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్, పాతవాటికి అంకె ఉన్న స్థిరమైన వెర్షన్. ఆట బాగానే నడుస్తూ కథ చెప్పే వీడియోలు రాకుండా రంగుల పట్టీలు మాత్రమే కనిపిస్తే, అది వీడియోను విప్పి చూపే కోడెక్‌ల సమస్య. జీఈ ప్రోటాన్ అనే రకం దాన్ని చాలాసార్లు తీరుస్తుంది. ప్రోటాన్‌అప్ క్యూటీ అనే ప్రోగ్రాం ద్వారా దాన్ని దించుకుని, స్టీమ్ మూసి మళ్లీ తెరిస్తే జాబితాలో కనబడుతుంది.

ఇక్కడ ఒక విషయం మనసులో ఉంచుకోండి. ప్రతి గేముకూ ప్రోటాన్ ఒక చిన్న నకిలీ సీ డ్రైవును తయారుచేస్తుంది. స్టీమ్ ఫోల్డరులో కంపాట్‌డేటా అనే చోట, గేము అంకె పేరుతో అది ఉంటుంది. గేము మొండికేస్తే ఆ ఫోల్డరును తొలగించి మళ్లీ తెరవడం మంచి వైద్యమే, ఇంటర్నెట్‌లో అందరూ అదే చెబుతారు. కానీ మీరు ఆడి దాచుకున్న సేవ్ ఫైళ్లు చాలాసార్లు దాని లోపలే ఉంటాయి. సేవ్ ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ లేని గేము అయితే ముందు ఆ ఫోల్డరును కాపీ చేసుకోండి. నెలల ఆట ఒక్క డిలీట్‌తో పోకూడదు.

హాస్టల్లో ఉన్నవారికి పెద్ద ఊరట ఇంకొకటి. 2023 నుంచి స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ ద్వారా గేము ఫైళ్లు బదిలీ చేసుకోవచ్చు. ఒకరు ఫైబర్ కనెక్షన్ మీద దించుకుంటే చాలు, అదే రౌటర్ మీద ఉన్న మిగతావారు ఇంటర్నెట్ డేటా ఖర్చు కాకుండా తెచ్చుకోవచ్చు. ఆ గేము ఎవరి ఖాతాలో వారికి ఉండాలి. సెట్టింగ్స్‌లోని డౌన్‌లోడ్స్‌లో స్నేహితులకు అనుమతి ఇస్తే సరి. అవతలి కంప్యూటర్‌లో విండోస్ ఉన్నా ఫరవాలేదు, ప్రోటాన్‌కు కావలసినవి ఆ విండోస్ ఫైళ్లే.

స్టీమ్‌లో లేని గేములు

ఎపిక్, జీఓజీ అనే గేముల దుకాణాల ఖాతాల్లో ఉన్న గేములకు హీరోయిక్ అనే లాంచర్ వాడండి. అందులో లాగిన్ అయితే మీ గేములన్నీ వరుసగా వస్తాయి, ప్రోటాన్ వెర్షన్లు కూడా అక్కడి నుంచే దించుకోవచ్చు.

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడిన తరం ఒకటుంది. 2000 నాటి ప్రాజెక్ట్ ఐజీఐ, 2003లో కంప్యూటర్‌కు వచ్చిన వైస్ సిటీ, 2005 నాటి మోస్ట్ వాంటెడ్. వాటి సీడీ మీ దగ్గర ఉంటే వైన్‌ను నడిపే ప్రోగ్రాంలైన లూట్రిస్ గానీ బాటిల్స్ గానీ వాడి చూడండి. బాటిల్స్‌లో కొత్త సీసా (బాటిల్), లూట్రిస్‌లో కొత్త గేము నమోదు సృష్టించి, సీడీలోని సెటప్ ఫైలును అందులో నడపాలి. వల్కన్ లేని చిప్ ఉన్నవారు ఇక్కడే డీఎక్స్‌వీకే మీటను ఆపేయండి. ఓపెన్‌జీఎల్ దారి అప్పుడు పనిచేస్తుంది. డైరెక్ట్3డి 8 కాలపు గేములను 2024లో వచ్చిన డీఎక్స్‌వీకే 2.4 నుంచి నేరుగా వల్కన్‌లోకి మార్చవచ్చు. వల్కన్ ఉన్నవారికి వైస్ సిటీ లాంటివి దాంతో ఇంకా సాఫీగా సాగుతాయి.

కాపీ చేయకుండా అడ్డుకునే సేఫ్‌డిస్క్ రక్షణ ఉన్న అసలైన సీడీలు వైన్‌లో సాధారణంగా నడవవు. ఆ మాటకొస్తే విండోస్ 10లోనూ నడవవు, ఆ డ్రైవరును మైక్రోసాఫ్టే నిషేధించింది. రక్షణ తొలగించి అమ్మే జీఓజీ లాంటి చోట మళ్లీ కొనడం సులువు.

పెన్‌డ్రైవుల్లో చేతులు మారే దొంగ కాపీల గురించి ఒక హెచ్చరిక. లినక్స్ కదా, వైరస్ ఏమీ చేయదులే అనుకోకండి. వైన్ విండోస్ వైరస్‌ను కూడా గేములాగే నమ్మకంగా నడుపుతుంది. పైగా వైన్‌లో జెడ్ డ్రైవు అంటే మీ మొత్తం లినక్స్ డిస్కు. మీ ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాంకు అంతకంటే ఏం కావాలి?

వేడి

రోహిణి కార్తెలో మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో గదిలోని గాలే వేడి. అలాంటి చోట పాత ల్యాప్‌టాప్ మీద గేము ఆడితే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగా నడిచి తర్వాత మందగిస్తే కారణం ప్రోటాన్ కాదు, ఇదే. ఫ్యాను దుమ్ము దులిపించి థర్మల్ పేస్ట్ మార్పించండి. ఆటలోని సెట్టింగులలో సెకనుకు 30 లేదా 40 ఫ్రేములకు పరిమితి పెట్టండి. 25కూ 60కీ మధ్య ఎగిరెగిరి పడే ఆటకంటే స్థిరంగా 30 దగ్గర నిలిచే ఆట కంటికి చాలా హాయి. మ్యాంగోహడ్ అనే ప్రోగ్రాం ఫ్రేములనూ ఉష్ణోగ్రతనూ తెర మూలన చూపిస్తుంది. హీరోయిక్, లూట్రిస్‌లలో దానికి మీట ఉంటుంది.

వర్చువల్ మెషీన్ ఎప్పుడు?

విండోస్ ఎక్స్‌పీ కాలపు చదరంగం, పజిల్, టూడీ గేములకు వర్చువల్‌బాక్స్ చక్కగా సరిపోతుంది. కొత్త త్రీడీ గేములకు మాత్రం వద్దు.

గ్రాఫిక్స్ కార్డునే వర్చువల్ మెషీన్‌కు అప్పగించే పద్ధతి ఒకటుంది, దాన్ని పాస్‌త్రూ అంటారు. డెస్క్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు, 16 జీబీకి తగ్గని ర్యామ్, బయోస్‌లో ఇంటెల్ అయితే వీటీ-డీ, ఏఎండీ అయితే ఐఓఎంఎంయూ ఉంటేనే దీని జోలికి వెళ్లండి. కార్డును లినక్స్ వాడకుండా వీఎఫ్ఐఓ డ్రైవరుకు కట్టేసి, వర్ట్ మేనేజర్‌లో యూఈఎఫ్ఐ రకం మెషీన్ తయారుచేసి, కార్డునూ దానిలోని ఆడియో భాగాన్నీ రెండింటినీ జోడించాలి. మానిటర్ తీగ ఆ కార్డుకే పెట్టాలి. బాగా కుదిరితే వేగం అసలు విండోస్‌కు దగ్గరగా వస్తుంది. ల్యాప్‌టాప్‌లలో ఎన్‌విడియా చిప్ బొమ్మ చాలావరకు ఇంటెల్ చిప్ గుండానే తెరకు చేరుతుంది కాబట్టి ఇది దాదాపు కుదరదు.

మ్యాక్, ఫోను

ఎం శ్రేణి మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. వైన్ ఆధారంగా తయారైన క్రాస్‌ఓవర్ ఉత్తమం. డబ్బు పెట్టి కొనాలి కానీ 14 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. ముందు మీ గేముతో పరీక్షించి, తర్వాతే కొనండి.

చేతిలో ఆండ్రాయిడ్ ఫోను మాత్రమే ఉన్నవారికి విన్‌లేటర్ ఉంది. ఇది నిజమైన ఎమ్యులేషన్: ఇంటెల్ ఆదేశాలను బాక్స్64 ఏఆర్ఎంలోకి మారుస్తుంది, విండోస్ పిలుపులను వైన్ చూసుకుంటుంది. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న ఫోన్లలో టర్నిప్ అనే స్వేచ్ఛా డ్రైవరు ఉండటం వల్ల ఫలితం మెరుగ్గా ఉంటుంది. మీడియాటెక్ ఫోన్లలో చాలా గేములు మొరాయిస్తాయి. ప్లే స్టోర్‌లో ఆ పేరుతో కనిపించేవాటిని నమ్మకండి, తయారీదారు గిట్‌హబ్ పేజీ నుంచే తీసుకోండి. 2005కు ముందరి చిన్న గేముతో మొదలుపెట్టి, 800 బై 600 తెర కొలత పెట్టి, అది నడిచాకే పెద్దదాని వైపు వెళ్లండి.